గడువు తీరిన ముక్కలు

పేక కట్టలో ముక్కలు 52. ఆ లెక్క గానీ, వాటి మీది గుర్తులు గానీ, ఇస్పేటు ఆసుకున్న పరువు గానీ తాతలు ఆడిన నాటికీ మనుమలు ఆడుతున్న నేటికీ మారలేదు. చదరంగంలో గుర్రం నడకా అంతే. ఆటగాళ్లు వస్తారు, పోతారు, ఆట సామగ్రి మాత్రం వయసెరగనిదై నిలిచి ఉంటుందన్నది లోకంలోని ఆటలు దాదాపుగా అన్నీ పాటిస్తూ వచ్చిన ఒప్పందం. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకంలో పుట్టిన ట్రేడింగ్ కార్డ్ గేమ్ ఈ ఒప్పందాన్ని తిరగేసింది. ఈ జాతి ఆటల్లో ఆటగాడు అలాగే ఉంటాడు, అతని చేతిలోని కార్డుకే ఆయుష్షు ఉంటుంది. అది ఎప్పుడు తీరుతుందో కూడా ముందుగానే ప్రకటిస్తారు. ఈ ఏర్పాటుకు రొటేషన్ అని పేరు. ఎన్నో ఆటలు గెలిపించి, ఇష్టాన్ని సంపాదించుకున్న కార్డు ఒకానొక తేదీ నుంచి పోటీకి చెల్లకుండా పోయినప్పుడు నిజానికి పోయేదేమిటి అన్న ప్రశ్న, పైకి పిల్లల ఆటకు సంబంధించినదిగా కనిపించినా, నిదానించి చూడదగినదే.

ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో అందరికీ కలిపి ఒకే కట్ట పంచరు. ఎవరి కట్టను వాళ్లే ఇంటి దగ్గర కూర్చుకొని తెచ్చుకుంటారు; దాన్ని డెక్ అంటారు. ఈ ఆటల్లో మొదటిదైన మ్యాజిక్‌లో పోటీ డెక్ సాధారణంగా 60 కార్డులకు తగ్గకూడదు, ఆడటానికి శక్తినిచ్చే మామూలు ల్యాండ్ కార్డులను మినహాయిస్తే ఏ కార్డూ నాలుగు ప్రతులకు మించకూడదు. కార్డులను బూస్టర్ ప్యాక్ అనే మూసిన పొట్లాల్లో అమ్ముతారు. లోపల ఏముందో విప్పితేగానీ తెలియదు కనుక, కావలసిన కార్డు కోసం ఆటగాళ్లు తమలో తాము మార్చుకోవడం, దుకాణంలో విడిగా కొనుక్కోవడం ఆటలో భాగమైపోయాయి. గణితశాస్త్రంలో డాక్టరేటు చేసిన అమెరికన్ రిచర్డ్ గార్‌ఫీల్డ్ రూపొందించగా, విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 1993 ఆగస్టులో విడుదల చేసిన మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఈ జాతి ఆటలకు ఆధునిక రూపంలో మొదటిది. తొలి ముద్రణలో 295 రకాల కార్డులుండగా, ఆ తరువాత కొత్త కొత్త సెట్లు, అంటే ఒకే నేపథ్యంతో ఒకేసారి వెలువడే కార్డుల సముదాయాలు, ఏటా దానికి చేరుతూ వచ్చాయి.

ఏడాదిన్నర తిరగకముందే ఈ పెరుగుదల చిక్కు తెచ్చింది. బ్లాక్ లోటస్ వంటి తొలినాటి కార్డులు మితిమీరిన బలం కలవి. వాటి ముద్రణ ఆగిపోవడంతో కొందామన్నా దొరకనివి. ఆలస్యంగా ఆటలోకి వచ్చినవాడు ఎంత తెలివిగా ఆడినా, ముందుగా వచ్చిన పుణ్యానికి ఆ కార్డులు దక్కించుకున్నవాడి ముందు తేలిపోవలసిందే. 1995 జనవరిలో నిర్వాహకులు పోటీలను రెండు పాయలుగా చీల్చారు. టైప్ 1లో పాత కొత్త కార్డులన్నీ చెల్లుతాయి. టైప్ 2లో మూల సెట్ తాజా ముద్రణా, ఇటీవలి సెట్లూ మాత్రమే చెల్లుతాయి. ఏ కార్డులు చెల్లుతాయో చెప్పే ఇటువంటి నియమావళిని ఫార్మాట్ అంటారు. అప్పటి టైప్ 2 ఇప్పుడు స్టాండర్డ్ అనే పేరుతో నడుస్తోంది. చాలాకాలం పాటు ఈ ఫార్మాట్‌లో ఒక సెట్ ఆయుష్షు కొంచెం ఎక్కువతక్కువగా రెండేళ్లు. 2023లో దాన్ని మూడేళ్లకు పెంచారు. 2024 నవంబరులో వచ్చిన ఫౌండేషన్స్ అనే మూల సెట్‌కు మాత్రం కనీసం 2029 దాకా గడువిచ్చారు.

ఇతర ఆటలు ఇదే బాటను తమ తీరున పట్టాయి. పోకెమాన్ కార్డుల్లో ఎడమవైపు అడుగున చిన్న గడిలో ఒక ఆంగ్లాక్షరం ఉంటుంది. ఏ అక్షరం ఉన్న కార్డులు ఏ ఏడాది చెల్లుతాయో నిర్వాహకులు ప్రకటిస్తారు. ఆ ప్రకారం 2023 ఏప్రిల్‌లో డి, 2024 ఏప్రిల్‌లో ఇ, 2025 ఏప్రిల్‌లో ఎఫ్ అక్షరాల కార్డులు స్టాండర్డ్ నుంచి తప్పుకున్నాయి. పుట్టుకతోనే నుదుటిరాత అచ్చయి వచ్చే కార్డులివి. తెర మీద మాత్రమే ఆడే హార్త్‌స్టోన్ 2016 ఏప్రిల్‌లో స్టాండర్డ్‌ను మొదలుపెట్టింది. మరుసటి ఏడాది అజ్యూర్ డ్రేక్, రాగ్నరోస్ వంటి కొన్ని మూల కార్డులను, వాటికి గడువు లేకపోయినా, ప్రతి డెక్‌లోనూ అవే కనిపిస్తున్నాయన్న కారణంతో స్టాండర్డ్ నుంచి తప్పించి, వాటిని సమకూర్చుకోవడానికి పట్టే ఆటలోని సొమ్మును ఆటగాళ్లకు తిరిగి ఇచ్చింది.

ఈ ఏర్పాటులో వ్యాపారం లేదని ఎవరూ అనరు. పాత కార్డు చెల్లకపోతేనే కొత్త పొట్లం అమ్ముడుపోతుంది. గడువు దగ్గరపడే కొద్దీ, ఆ ఫార్మాట్‌లో తప్ప మరెక్కడా గిరాకీ లేని కార్డుల ధర దుకాణాల్లో దిగజారుతుంది. అంతకు రెండు నెలల ముందు పూర్తి ధర పెట్టి నాలుగు ప్రతులు కొన్న విద్యార్థికి ఇది ఆటలోని న్యాయంగా కాక జేబుకు పడిన చిల్లుగానే తోచడం సహజం. అయితే రొటేషన్ లేని చోట ఏం జరుగుతుందో చూపడానికి యు-గి-ఓ ఉంది. కొనామీ సంస్థ నడిపే ఆ ఆటలో ప్రధాన పోటీల్లో సెట్లకు కాలపరిమితి లేదు. ఆనాటి కార్డు ఈనాటికీ చెల్లుతుంది కనుక, కొత్త కార్డు అమ్ముడుపోవాలంటే పాతదానికంటే బలంగా ఉండక తప్పదు. ఆ బలం ఏటికేడు పెరిగి, వెనకటి కార్డులు ఎవరూ నిషేధించకుండానే నిరుపయోగమవుతాయి. అదుపు తప్పిన వాటిని నిషేధ జాబితాలో చేర్చడమే అక్కడ మిగిలిన ఉపాయం. ఏ ఖర్చూ లేకుండా రెండు కార్డులు తీసుకోనిచ్చే పాట్ ఆఫ్ గ్రీడ్ ఏళ్ల తరబడి ఆ జాబితాలోనే ఉండిపోయింది. అంటే ఆట పెరుగుతూ ఉన్నంతకాలం పాత కార్డు ఏదో ఒక దారిన పోవలసిందే. తేదీ చెప్పి పంపడమా, చెప్పకుండా పక్కకు తోయడమా అన్నదొక్కటే ఎంపిక.

పోయేదేమిటో తెలియాలంటే ఒక కార్డును దగ్గరగా చూడాలి. 2014 సెప్టెంబరులో ఖాన్స్ ఆఫ్ టార్కిర్ సెట్‌తో వచ్చిన సీజ్ రైనో అందుకు తగినది. మ్యాజిక్‌లో ఒక్కో ఆటగాడు 20 లైఫ్‌తో మొదలుపెడతాడు, అది సున్నాకు దిగితే ఓడిపోతాడు. కార్డులు ఆడటానికి కావలసిన శక్తిని మనా అంటారు. దాన్ని ల్యాండ్ కార్డులు ఇస్తాయి. మామూలుగా ఆటగాడు తన వంతుకు ఒక్క ల్యాండే వేయగలడు కనుక, నాలుగు మనాలు అడిగే కార్డు సాధారణంగా నాలుగో వంతుకుగానీ బల్ల మీదికి రాదు. రైనో ఖరీదు నాలుగు మనాలు. వాటిలో తెలుపు, నలుపు, ఆకుపచ్చ రంగులవి ఒక్కొక్కటి ఉండి తీరాలి. దాడిలో దాని బలం 4, దెబ్బకు ఓర్చే శక్తి 5. అడ్డు నిలిచిన ప్రాణిని చంపగా మిగిలిన దెబ్బ వెనకున్న ఆటగాడికే తగులుతుంది. అన్నిటికంటే ముఖ్యం, అది బల్ల మీదికి రాగానే ఎదుటివాడి లైఫ్ 3 తగ్గి, ఆడినవాడి లైఫ్ 3 పెరుగుతుంది.

ఈ అంకెలను విడిగా చదివితే బలమైన కార్డు అని మాత్రమే తెలుస్తుంది. దాని రుచి ఆనాటి ఇరుగుపొరుగు కార్డులతో కలిపి చూస్తేగానీ తెలియదు. అప్పుడు స్టాండర్డ్‌లో ఎర్ర డెక్‌ల ముఖ్య ఆయుధం 4 దెబ్బ కొట్టే స్టోక్ ద ఫ్లేమ్స్. లైఫ్ 4కు దిగిన ఆటగాడిని ఆ ఒక్క కార్డు ముగించగలదు. కానీ అతని వంతులో రైనో పడితే లైఫ్ 7 అవుతుంది, ఇప్పుడా కార్డు అతన్ని ముగించలేదు, 5 ఓర్పు గల రైనోనూ చంపలేదు. గెలుపు చేతిలో పట్టుకున్నవాడికి అదే కార్డు ఒక్క క్షణంలో దేనికీ చాలనిదవుతుంది. మరో కార్డుతో రైనోను చంపినా, అది వస్తూ వస్తూ తీసిన 3, ఇచ్చిన 3 తిరిగి రావు. అందుకే అనుభవజ్ఞులు రైనోను తొందరపడి వేయడమా, ఎదుటివాడి లైఫ్ 3కు దిగేదాకా చేతిలోనే దాచి చివరి దెబ్బగా వాడటమా అని తర్కించుకొనేవారు. ఎదుటివాళ్లు ప్రత్యర్థి బల్ల మీద నాలుగో ల్యాండ్ పడగానే మూడు రంగులూ కుదిరాయా అని లెక్క చూసుకొనేవారు. 2014 అక్టోబరులో హొనలూలూలో జరిగిన ప్రో టూర్‌ను, అంటే ఈ ఆటలో వృత్తి ఆటగాళ్ల పోటీని, ఆరీ లాక్స్ ఈ మూడు రంగుల డెక్‌తోనే గెలిచాడు. ఏడాది తరువాత మిల్వాకీలో కజుయుకి తకిమురా కూడా రైనో ఉన్న డెక్‌తోనే గెలిచాడు.

ఆ రెండు గెలుపుల మధ్యలోనే రైనో లోకం సగం ఖాళీ అయింది. 2015 అక్టోబరు రొటేషన్‌లో దాని పాత శత్రువు స్టోక్ ద ఫ్లేమ్స్ వెళ్లిపోయింది. రైనోకు దారి సిద్ధం చేసే సిల్వన్ కారియాటిడ్, కోర్సర్ ఆఫ్ క్రూఫిక్స్, ఎదుటి చేతిలోంచి జవాబును ముందుగానే లాగేసే థాట్‌సీజ్ కూడా వెళ్లిపోయాయి. కొత్తగా వచ్చిన గిడియన్ వంటి కార్డుల పక్కన రైనో మరో ఆరు నెలలు గెలుస్తూనే ఉంది, కానీ అప్పటి రైనో వేరు. పేరు అదే, అంకెలు అవే, ఆడే తీరు మారింది. 2016 ఏప్రిల్ 8న షాడోస్ ఓవర్ ఇనిస్ట్రాడ్ విడుదలతో దాని వంతూ వచ్చింది. అప్పట్లో ఏడాదికి రెండుసార్లు రొటేషన్ జరిపే కొత్త పద్ధతి వల్ల దానికి దక్కిన ఆయుష్షు ఏడాదిన్నర. ఆటగాళ్ల అసంతృప్తితో అదే ఏడాది అక్టోబరులో సంస్థ మళ్లీ ఏడాదికొక్కసారి పద్ధతికే వెనుదిరిగింది.

స్టాండర్డ్ నుంచి వెళ్లిన కార్డు లోకంలోంచి వెళ్లిపోదు. రొటేషన్ లేని ఫార్మాట్లు ఉన్నాయి. 2003 తరువాతి ప్రధాన సెట్లతో 2011లో మోడర్న్, 2012 తరువాతి సెట్లతో 2019లో పయనీర్ ఏర్పడ్డాయి. రెండింటిలోనూ రైనో నిక్షేపంగా చెల్లుతుంది. అయినా కనిపించడం అరుదు. మూడు రంగుల మనాను అలవోకగా సమకూర్చిపెట్టిన విండ్‌స్వెప్ట్ హీత్ కుదురుకు చెందిన అయిదు ల్యాండ్ కార్డులను పయనీర్‌లో మొదటి రోజే నిషేధించారు. మోడర్న్‌లో ఆ ల్యాండ్‌లు ఉన్నాయి గానీ, అక్కడ ఆట నాలుగో వంతు దాకా ఓపిక పట్టే రోజులు తగ్గిపోయాయి. ఇక్కడొక సంగతి తేటపడుతుంది. చెల్లుబాటును కాపాడినంత మాత్రాన కార్డును కాపాడినట్టు కాదు. రైనో బలం దాని మీద అచ్చయిన అంకెల్లో సగమే ఉండేది. తక్కిన సగం స్టోక్ ద ఫ్లేమ్స్ దెబ్బ దాని ఓర్పుకు ఒకటి తక్కువ కావడంలో, పక్కన కోర్సర్ ఉండటంలో, నాలుగో వంతు నిర్ణాయకం కావడంలో ఉండేది. రొటేషన్ తీసుకుపోయేది ఆ పొందికను. పొందిక చెదిరాక కార్డును ఎంత భద్రంగా దాచినా, ఇష్టపడిన కార్డు అందులో దొరకదు.

దీనికి ఎదురు సాక్ష్యం చెప్పేవిగా కనిపించే కార్డులు లేకపోలేదు. 2011 నాటి ఇనిస్ట్రాడ్ సెట్‌లోని స్నాప్‌కాస్టర్ మేజ్ వాడేసిన మంత్రం కార్డును మరొక్కసారి వాడుకోనిస్తుంది. దాని మీది బొమ్మలో ఉన్న ముఖం పోర్చుగల్ ఆటగాడు టియాగో చాన్‌ది; 2007 ఇన్విటేషనల్ పోటీలో గెలిచినందుకు అతనికి దక్కిన గౌరవమది. 2013 సెప్టెంబరులో ఆ ముఖం స్టాండర్డ్ నుంచి తప్పుకున్నా, మోడర్న్‌లో ఏళ్ల తరబడి ముందు వరుసలో నిలిచింది. కారణం వెదికితే పై మాటే బలపడుతుంది. స్నాప్‌కాస్టర్ విలువ తన పక్కనున్న మంత్రాల విలువే; పాత ఫార్మాట్లలో మంచి మంత్రాలు ఎక్కువ కనుక అక్కడ దానికి మరింత మంచి తోడు దొరికింది.

లానోవార్ ఎల్వ్స్ కథ మరొక రకం. ఒక్క ఆకుపచ్చ మనాతో వచ్చి, ప్రతి వంతులోనూ ఒక ఆకుపచ్చ మనా ఇచ్చే ఈ చిన్న కార్డు 1993 నుంచీ ఉంది. 2011 మూల సెట్ తరువాత దాని చోట ఆర్బర్ ఎల్ఫ్, ఆ తరువాత ఎల్విష్ మిస్టిక్ వచ్చాయి. ఈ రెండోది అంకెల్లో, పనిలో లానోవార్‌కు అచ్చు నకలు, పేరొక్కటే వేరు. అదీ 2015లో వెళ్లిపోయాక, మొదటి వంతులోనే మనా పెంచే ప్రాణి స్టాండర్డ్ వేగాన్ని మితిమీరి పెంచుతుందని రూపకర్తలు ఆ పనినే కొంతకాలం పక్కనపెట్టారు. 2018 ఏప్రిల్‌లో డొమినేరియా సెట్‌తో లానోవార్ తిరిగి వచ్చింది. పేరు పోయి పని మిగలడం, పనీ పోవడం, మళ్లీ పేరుతో సహా రావడం ఒకే కార్డు విషయంలో జరిగాయి.

తిరిగి వచ్చిన వాటిలో ప్రసిద్ధమైనది లైట్నింగ్ బోల్ట్: ఒక్క ఎర్ర మనా, 3 దెబ్బ. 1995 నాటి నాలుగో ముద్రణ తరువాత మూల సెట్‌లో దానికి చోటు దొరకలేదు. ఒక మనాకు 3 దెబ్బ ఎక్కువన్న తలంపుతో 2 దెబ్బ కొట్టే షాక్‌తో సరిపెట్టారు. 2009 జూలైలో మ్యాజిక్ 2010 సెట్‌లో బోల్ట్ మళ్లీ అచ్చయింది. చెల్లుబాటు కార్డు పేరును బట్టే గానీ కాగితాన్ని బట్టి కాదు కనుక, 1993లో అచ్చయిన ప్రతి కూడా ఆ రోజు నుంచి మళ్లీ స్టాండర్డ్‌లో చెల్లింది. పెట్టె అడుగున పడి ఉన్న కార్డుకు ఏళ్ల తరువాత పదవి తిరిగి దక్కిందన్న మాట. 2011 సెప్టెంబరు ఆఖరున అది మళ్లీ వెళ్లింది.

రొటేషన్‌ను నిషేధంతో పోల్చి చూస్తే దాని స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. జేస్, ది మైండ్ స్కల్ప్టర్, స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్ అనే రెండు కార్డులను 2011 జూలై 1 నుంచి స్టాండర్డ్‌లో నిషేధించారు. మరో మూడు నెలలు ఆగితే అవి సహజంగానే వెళ్లిపోయేవి. దుకాణాల్లో సిద్ధంగా అమ్ముతున్న ఒక డెక్‌లో స్టోన్‌ఫోర్జ్ ఉండటంతో, ఆ డెక్‌ను ఒక్క కార్డూ మార్చకుండా ఆడేవారికి మాత్రం మినహాయింపు ఇవ్వవలసి వచ్చింది. నిషేధం ఒక తీర్పు, దానికి దోషం చూపాలి, పెట్టిన నమ్మకానికి పరిహారం వెదకాలి. రొటేషన్ ఎవరి మీదా దోషం మోపదు. గొప్ప కార్డు, చెత్త కార్డు, ఒక్కసారి కూడా ఎవరూ ఆడని కార్డు, అన్నీ ఒకే రోజు ఒకే గుమ్మం దాటుతాయి. తేదీ ముందే తెలిసి ఉండటం వల్ల ఆ కార్డును కొనాలా వద్దా, ఆఖరి పోటీ ఎప్పుడు ఆడాలి అన్నవి ఆటగాడి చేతిలోనే ఉంటాయి. ఈ ముందస్తు ప్రకటన లేకపోతే రొటేషన్‌ను వ్యాపారపు ఎత్తుగడ అనడానికి అడ్డు ఉండదు.

అయినా ఒక నష్టానికి మాత్రం పరిహారం లేదు, అది తెలివిడికి సంబంధించినది. 1967లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటగా గుర్తించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలో, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడంలో ఆ నైపుణ్యం ఉందని చెప్పింది. రమ్మీ ఆడేవాడు ఇరవై ఏళ్ల వయసులో సంపాదించిన ఆ నేర్పు అరవైలోనూ పనికొస్తుంది. రైనోను ఎప్పుడు దాచాలి, ఎప్పుడు దించాలి, ఎర్ర డెక్ ముందు ఎంత లైఫ్ ఉంటే నిబ్బరంగా ఉండవచ్చు అన్న నేర్పుకు మాత్రం 2016 ఏప్రిల్ 8తో కాలం చెల్లింది. వందల ఆటల మీద కూడగట్టుకున్న సూక్ష్మమైన జ్ఞానం తప్పని తేలకుండానే, ఎవరూ ఖండించకుండానే, విషయం లేని జ్ఞానమైంది. వెళ్లిపోయిన కార్డుల గురించి ఆటగాళ్లు అంత మమకారంతో మాట్లాడటానికి కారణం ఇదే కావచ్చు. వాళ్లు తలుచుకొనేది ఆ కార్డుతో పాటు, అది చేతిలో ఉండగా తమకున్న ఆరితేరినతనాన్ని కూడా.

అయితే ఆ ఆరితేరినతనం అంతా కార్డుకు సంబంధించినదేనా అన్నది కార్డు చేతిలో ఉన్నంతకాలం తేలే విషయం కాదు. వచ్చీరాగానే 3 తీసి 3 ఇచ్చే కార్డు నాలుగు ప్రతులున్న డెక్‌తో గెలిచినవాడు, ఆ గెలుపును తన లెక్కల నేర్పుకూ ఎదుటివాడి ఉద్దేశం పసిగట్టే చూపుకూ జమ వేసుకోవడం మానవ సహజం. ఎదుటివాడి దగ్గర ఏముందో ఊహించడం, లైఫ్‌ను ఖర్చు పెట్టదగిన సొమ్ముగా చూడటం, ఓడిపోతున్న ఆటలో గెలిచే ఒక్క దారిని వెదకడం వంటివి ఏ సెట్‌కూ చెందవు, అవి ఏ తేదీనా చెల్లకుండా పోవు. ఏది కార్డు ఇచ్చింది, ఏది తాను సంపాదించుకున్నది అన్న పద్దు విడదీయడానికి ఈ ఆటల్లో రొటేషన్‌ను మించిన సాధనం లేదు. ఇష్టమైన కార్డు వెళ్లిపోయిన తరువాతి వారం, ఎవరికీ ఇంకా అలవాటు కాని కార్డులతో అందరూ సమానంగా తడబడే తొలి పోటీలో, తన పాత గెలుపుల్లో తన వాటా ఎంతో ఆటగాడికి తెలిసివస్తుంది.